గాడిపొయ్యి ఉన్న ఇల్లు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. చాప మీదైనా, గడప మీదైనా సరే, నా మాట వినపడే దూరంలో ఉంటే చాలు. జగ్గయ్యపేటలోనూ నందిగామలోనూ ఇళ్లు అమ్మించే పనిలో నా సగం జీవితం గడిచింది. మోకాళ్లు మెట్లెక్కనివ్వక ఇప్పుడు మానేశాను. మా చెల్లెలి కోడలు లావణ్య ఈ మధ్య అదే పనిలోకి దిగింది. ఫోనులో వీడియోలు తీసి ఇళ్లు చూపిస్తుంది. "పెద్దత్తయ్యా, నువ్వు చేసిన పనేందో నాకు మొదట్నించీ చెప్పు" అని పట్టుబట్టింది. నోటితో చెబితే గాలికి పోతుందని రాసి పెడుతున్నాను. నా చదువు ఐదో తరగతితో ఆగింది, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

కాగితాల సంగతి, రిజిస్ట్రేషను సంగతి నేను చెప్పను. అవి ఎవరైనా నేర్పుతారు.

చూసేవాళ్లు ఏం చూస్తారు

నేను మొదట ఇంటింటికీ పాలు పోసేదాన్ని. ఏ ఇల్లు ఖాళీ అవుతుందో, ఎవరు మారబోతున్నారో నాకు ముందే తెలిసేది. అద్దె ఇంటి కోసం వచ్చినవాళ్లను "సామ్రాజ్యాన్ని అడగండి" అని నా పేరు చెప్పి నా దగ్గరికి పంపేవాళ్లు. అట్లా పాల క్యాను పట్టుకునే ఈ పనిలోకి వచ్చాను.

ఈ పనిలో నన్ను కట్టిపడేసింది ఒకటే. ఇల్లు చూడటానికి వచ్చిన మనిషి నిజంగా ఏం చూస్తాడు? అది ఒక్కొక్కరికీ ఒక్కో తీరు. ఒకాయన ఏ ఇంటికి తీసుకెళ్లినా ముందు డాబా ఎక్కి, చుట్టుపక్కల డాబాల మీద ఏం ఆరేశారో చూసేవాడు. ఎందుకండీ అని అడిగాను. "వడియాలో వరుగులో కనపడితే ఆ ఇంట్లో పగలంతా మనిషి ఉన్నట్టు లెక్క. మన ఇంటి మీద కూడా ఒక కన్నేసి ఉంచుతారు" అన్నాడు. నేను అంతవరకూ ఆ వైపు ఆలోచించలేదు.

ఇంకొకావిడ వంటగదిలోకి పోయి, పొయ్యి ముందు నిలబడ్డట్టు నిలబడేది. చెయ్యి పైకెత్తేది, పక్కకు చాపేది. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలో, పోపుల పెట్టె ఎక్కడ అందాలో చూసుకునేది. ఆమె భర్త బయట వాస్తు మాట్లాడుతుంటే ఆమె లోపల అప్పుడే వంట మొదలుపెట్టేది. బేరం ఎప్పుడూ ఆయనతో చేసేవాళ్లం, ఇల్లు మాత్రం ఆమె చెయ్యి అందిన చోటే కుదిరేది.

లావణ్యా, నీ వీడియోలో ఖాళీ గదులే కనపడతాయి. అవీ అవసరమే. కానీ చూసేవాళ్ల చేతులు ఎటు పోతున్నాయో నువ్వు పక్కన నిలబడితేనే కనపడుతుంది.

మధ్యాహ్నం పూట చూపించే ఇల్లు

నాకు పని నేర్పింది నాగభూషణం గారు. బస్టాండు దగ్గర మెట్ల కింద ఒక బల్ల, రెండు కుర్చీలు, అదే ఆయన ఆఫీసు. బేరంలో మాట ఎక్కడ ఆపాలో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కొనేవాడు ఒక మాట అన్నాక ఈయన తమలపాకుకు సున్నం రాస్తూ కూర్చునేవాడు. ఆ సున్నం అయ్యేలోపు అవతలివాడే ఇంకో మెట్టు ఎక్కేవాడు.

ఆయనకు ఒక పట్టుదల ఉండేది. ఇల్లు ఎప్పుడు చూపించినా మధ్యాహ్నం భోజనాల తర్వాతే. బజారంతా కునుకు తీసే వేళ. అరుగుల మీద ఎవరూ ఉండరు, పంపు దగ్గర ఎవరూ ఉండరు.

"సామ్రాజ్యం, ఇంట్లో లోపం ఉంటే మనం సర్దుకోవచ్చు. పక్కింటామె నోరు ఎవరు సర్దుతారు?" అనేవాడు.

ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. ఒకసారి పొద్దున పూట ఒక కుటుంబాన్ని తీసుకెళితే, ఎదురింటి ముసలమ్మ ఎంతో ప్రేమగా, "ఆ వెనక గది వానకు కారుద్ది నాయనా, బకెట్టు పెట్టుకోండి" అని చెప్పింది. వాళ్లు మళ్లీ కనపడలేదు. అప్పటినుంచి ఆయనకు మెలకువగా ఉన్న బజారంటేనే భయం.

నేను కూడా చాలాకాలం మధ్యాహ్నాలే తిరిగాను.

ఇరుగుపొరుగు దగ్గరితనానికి ఇంకో ముఖం కూడా ఉంది, దాచను. నందిగామలో ఒక కాలనీ వాళ్లు కార్తీకంలో తోటకు పోయి అందరూ కలిసి వండుకు తింటారు. ఇల్లు కొనాలనుకున్న ఒక కుటుంబాన్ని నేను అక్కడికి తీసుకెళ్లాను. ఆకుల దగ్గర కూర్చోకముందే ఒకాయన, "మీరు ఏవిట్లు?" అని కులం అడిగాడు. ఆ చదువుకున్న భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, బస్సుకు వేళయిందని చెప్పి లేచారు. నేను కూడా వాళ్ల వెనకే లేచాను. ఇంకేమీ చేయలేకపోయాను. అందరూ ఒక్కటిగా ఉన్నారని ఒక బజారును మెచ్చుకునే ముందు, ఆ అందరిలో ఎవరికి చోటుందో చూసుకోండి.

రాజేశ్వరి ఇల్లు

ఇప్పుడు అసలు సంగతి. జగ్గయ్యపేటలో రామమందిరం ఉన్న బజారులో మూల ఇల్లు రాజేశ్వరిది. ఆమె, ఆమె భర్త భాస్కర్రావు నందిగామలో చీరల మ్యాచింగ్ సెంటరు నడిపేవాళ్లు. పొద్దున్నే బస్సెక్కి పోవడం, కొట్టు కట్టేశాక తిరిగి రావడం. వాళ్ల పాప సహస్ర బడి నుంచి వచ్చి, అమ్మ వచ్చేదాకా పక్కింటి వెంకాయమ్మ దగ్గర ఉండేది. అన్నం అక్కడే, హోంవర్కు అక్కడే. చాలా రోజులు నిద్ర కూడా అక్కడే పోయేది. రాజేశ్వరి వచ్చి భుజాన వేసుకుని పోయేది.

"పిన్నీ, నా కూతురు మెలకువగా ఉండగా నేను చూసేది ఆదివారం ఒక్కరోజే" అని ఒకసారి నాతో అంది. ఏడవలేదు. జాకెట్టు ముక్కకు రంగు చెప్పినట్టు మామూలుగా చెప్పింది.

అంతలో నందిగామలో కింద కొట్టు, పైన ఇల్లు ఉన్న చోటు ఒకటి దొరికింది. దాని యజమాని వైశాఖం దాకా ఆగుతానని మాటిచ్చాడు. ఈ ఇల్లు అమ్ముడైతేనే ఆ ఇల్లు. వైశాఖం దాటితే ఆయన వేరేవాళ్లకు ఇచ్చేస్తాడు, తల్లీకూతుళ్లు మళ్లీ ఎప్పటిలాగే.

ఇల్లు బాగుంటుంది. తూర్పు వాకిలి, గాలి, పక్కన పెద్ద దొడ్డి. చూసినవాళ్లంతా బాగుందంటారు, బేరానికి మాత్రం రారు. దసరా తర్వాత చూపించడం మొదలుపెడితే సంక్రాంతి దాటినా అంతే.

నాగభూషణం గారు స్వయంగా వచ్చి చూశాడు. దొడ్లో గాడిపొయ్యి ఉంది. పెద్ద వంటలకు నేలలో పొడుగ్గా తవ్వి, మీద గుండిగలు వరసగా పెట్టుకునే పొయ్యి. దాని పక్క గోడంతా నల్లగా మసిబారి ఉంది. మూలన బోర్లించిన గుండిగలు, గోడకు ఆనించిన పందిరి గుంజలు. శ్రీరామనవమికీ వినాయకచవితికీ బజారంతటికీ వంట అక్కడే. భాస్కర్రావు తండ్రి నాటినుంచీ అంతే. పక్క గేటుకు తాళమే ఉండేది కాదు.

"ఇదేందమ్మా, ఇల్లా హోటలా? దీన్ని చూసి ఎవరు కొంటారు? పూడ్పించు. గోడకు సున్నం కొట్టించి గేటుకు తాళం వెయ్యి" అన్నాడు.

రాజేశ్వరి అట్లాగే చేసింది. గుండిగలు రామమందిరం వసారాలోకి పోయాయి. బజారులో ఎవరూ ఒక్క మాట అనలేదు. అది మంచిదే అనుకున్నాం.

"మాకు తెలియదమ్మా"

పొయ్యి పూడ్చాక ఇల్లు తెల్లగా మెరిసింది. విచిత్రం ఏమిటంటే, అంతకుముందు ఒకటికి రెండుసార్లు వచ్చి చూసినవాళ్లు ఉండేవాళ్లు, ఇప్పుడు ఒక్కసారితోనే సరి. నాకు నిద్రపట్టేది కాదు. గోడ మీది నలుపు పోయింది, పొగ పోయింది, మరి వీళ్లను తరిమేది ఏమిటి?

పెనుగంచిప్రోలు నుంచి పద్మ, శ్రీను అని మిర్చి వేసే రైతు కుటుంబం వచ్చింది. పిల్లలను ఇక్కడ బడిలో వేయాలని చూస్తున్నారు. పద్మకు ఇల్లు నచ్చిందని నాకు అర్థమైంది, ఎందుకంటే వంటగది కిటికీ తెరిచి మూసి మళ్లీ తెరిచింది. అయినా వారం దాటినా కబురు లేదు. ఆగలేక ఆటో ఎక్కి పెనుగంచిప్రోలు పోయాను. పద్మ కల్లంలో మిరపకాయలు ఏరిస్తూ ఉంది.

"పద్మా, కొనమని అడగటానికి రాలా. ఎందుకు వద్దనుకున్నావో చెప్పు, నాకు తెలియాలి."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని నవ్వింది. "ఇల్లు బాగుంది పిన్నిగారూ. మీరు మా ఆయనతో మాట్లాడుతుంటే నేను పక్కింటికి పోయి మంచినీళ్లడిగా. ఇచ్చారు. ఈ ఇల్లు ఎట్టాంటిదండీ అని అడిగా. 'మాకు తెలియదమ్మా' అన్నారు. ఎదురింట్లో అడిగినా అదే మాట. గోడ పక్కనున్నోళ్లకే తెలియని ఇల్లు ఏముంటుందండీ? ఏదో ఉంది, చెప్పటంలా అనుకున్నా."

తిరిగి వస్తుంటే ఆటోలో ఆ మాటే చెవిలో తిరిగింది. నాగభూషణం గారు పక్కింటి మాటకు భయపడ్డాడు. మాట లేకపోవడం అంతకంటే గట్టిగా పనిచేస్తుందని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు.

నేరుగా వెంకాయమ్మ వాకిట్లో దిగాను. ఆమె బియ్యం చెరుగుతూ నన్ను చూసీ చూడనట్టు ఊరుకుంది.

"ఏం వదినా, రాజేశ్వరి ఇల్లు నీకు తెలియదంటగా?"

"తాళం వేసిన ఇల్లు నాకేం తెలుస్తది?"

"ఆ ఇంటి పిల్ల నీ ఒళ్లోనే పెరిగింది."

చాట పక్కన పెట్టింది. "అదే నేనూ అంటున్నా. పిల్లకి అన్నం పెట్టడానికి వెంకాయమ్మ కావాల. పొయ్యి పూడ్చేటప్పుడు ఒక మాట చెప్పడానికి వెంకాయమ్మ అక్కర్లా. మొన్న పొద్దున లేచి చూస్తే మా గుండిగలు మందిరం వసారాలో బోర్లించి ఉన్నయ్. రేపు కొనేవాడు గోడ లేపుతాడు, నవమికి ఆటోలో పులిహోర తెప్పించుకు తినాల. అది మేం చూడాల."

"దానికి వచ్చినోళ్లని తరిమేస్తావా?"

"నేను ఎవర్నీ తరమలా. చెడ్డ మాట ఒక్కటి అన్నానేమో అడుగు. మంచి మాట రాలేదు, అంతే. నోరు నాదేగా వదినా."

ఆమె చెప్పింది నిజమే. అబద్ధం ఆడే మనిషి కాదు కాబట్టే ఆ మౌనం అంత బరువుగా ఉంది.

మళ్లీ తవ్విన పొయ్యి

ఆ రాత్రి రాజేశ్వరి కొట్టు నుంచి రాగానే ఇద్దరినీ కూర్చోబెట్టాను. రాజేశ్వరి మాట తొట్రుపడింది. "నాగభూషణం గారు అమ్ముడుపోదంటే భయపడ్డా అత్తయ్యా. మీకు చెప్తే వద్దంటారని చెప్పలేదు."

"వద్దనేదాన్నే" అంది వెంకాయమ్మ. "అని, తర్వాత నేనే పలుగు తెచ్చేదాన్ని. నీ కూతురు నీ దగ్గరుండటం నాకు ఇష్టం లేదనుకున్నావా? అది నిద్రలో అమ్మా అంటే పక్కన పడుకుని విన్నది నేను."

తర్వాత నేను నా ఆలోచన చెప్పాను. పొయ్యి మళ్లీ తవ్వుదాం. నవమి వంట ఇక్కడే జరగాలి, ఆరోజే పద్మ వాళ్లను పిలిచి ఇల్లు చూపిద్దాం.

నాగభూషణం గారికి తెలిసి మెట్ల కింద నుంచి లేచి నిలబడ్డాడు. "నీకు మతి ఉందా సామ్రాజ్యం? పొగలో, ఇంతమంది నోళ్ల మధ్య ఇల్లు చూపిస్తావా? వైశాఖం ఎంత దూరంలో ఉంది? ఆ బేరం కూడా పోతే ఆ అమ్మాయికి ఏం చెప్తావ్?"

చెప్పొద్దూ, ఆయన భయం నాకూ అంటుకుంది. పోతే పోయేది నాది కాదు, రాజేశ్వరిది.

నవమి

నవమి పొద్దున్నే దొడ్డి గేటు తీశారు. పందిరి వేశారు, పానకం కలిపారు, గుండిగలు పొయ్యి ఎక్కాయి. కళ్యాణం మైకు బజారు చివరిదాకా వినపడుతోంది. పద్మ వాళ్లు వచ్చేసరికి దొడ్డంతా పొగ. శ్రీను గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఏటా ఇంతేనా పిన్నిగారూ? వీళ్లంతా మన దొడ్లోకి వస్తారా?"

"వస్తారు బాబూ" అన్నాను. ఇంకేం చెప్పను, కళ్ల ముందే ఉంది కదా.

పద్మ లోపలికి పోయింది. వెంకాయమ్మ ఆమెను చూసి గుర్తుపట్టి, గరిటె పక్కన పెట్టి, నేను అడ్డం వచ్చేలోపే మొదలుపెట్టింది.

"నువ్వేనా అమ్మా ఆరోజు మంచినీళ్లడిగింది? విను. వెనక గది కిటికీ వానకి తడుస్తది, రేకు వేయించుకో. పంపు నీళ్లు సన్నగా వస్తయ్, తెల్లారగట్లే పట్టుకోవాల. ఎదురింటాయన స్కూటరు మీ వాకిట్లో పెడతాడు, మొదటి రోజే గట్టిగా చెప్పకపోతే జన్మకి తియ్యడు."

"నేనెప్పుడు పెట్టా?" అని పందిరి కింద నుంచి ఎదురింటాయన.

"ఇప్పుడు ఎక్కడుందో చూడవయ్యా."

అందరూ నవ్వారు. స్కూటరు రాజేశ్వరి వాకిట్లోనే ఉంది. పద్మ కూడా నవ్వింది. వెంకాయమ్మ మాత్రం ఆపలేదు. "ఇల్లు మంచిది. గట్టిది. ఈ ఇంట్లో ఎవరికీ పెద్ద జబ్బు చేయగా నేను చూడలా. నీ పిల్లలు బడి నుంచి వస్తే నేనుంటా."

లోపాలన్నీ చెప్పాకే మంచి మాట చెప్పింది. ఆ మంచి మాటను పద్మ నమ్మింది. ఆమె ముఖంలో బిగువు సడలడం నేను చూశాను.

తర్వాత జరిగినది నేను అనుకోనిది. పద్మ పొయ్యి చుట్టూ ఒకసారి తిరిగి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, "పొయ్యి ఇట్టా అడ్డంగా ఎందుకు తవ్వారండీ? పడమటి గాలికి పొగంతా గోడకే కొడుతుంది. నిలువుగా తిప్పితే మసి పట్టదు. మా కల్లం దగ్గర కూలోళ్లకి వంట చేసేది అట్టాగే" అంది.

వెంకాయమ్మ నడుం మీద చేతులు పెట్టింది. "మా అత్త నాటినుంచీ ఈ పొయ్యి ఇట్టాగే ఉంది. గోడకి మసి పట్టని వంట వంటేనా?"

"మసి పట్టిన గోడకి ఏటా సున్నం ఎవరు కొట్టిస్తారు?"

"నీ గోడ, నువ్వు కొట్టించు."

"అందుకే తిప్పుదామంటున్నా."

ఇద్దరూ గుండిగకు చెరో పక్కా నిలబడి వాదించుకుంటున్నారు. రాజేశ్వరి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పిన్నీ, గొడవ అవుతుందేమో, ఆపండి" అంది. నేను ఆపలేదు. నీ గోడ అని వెంకాయమ్మ అంటే పద్మ కాదనలేదు. ఇష్టం లేని ఇంటి పొయ్యి ఎటు తిరిగి ఉంటే ఎవరికి పట్టింది?

నాగభూషణం గారు కూడా వచ్చాడు. పంక్తిలో కూర్చుని రెండోసారి పులిహోర వేయించుకున్నాడు. "వంట బాగుంది. ఇల్లు మాత్రం అమ్ముడవదు" అని నాకు వినపడేట్టు అని, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. అప్పటికే శ్రీను, భాస్కర్రావు అరుగు మీద పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఆయన తడి చేతులతోనే వాళ్ల దగ్గరికి పోయి, ఎప్పటిలాగా సున్నం డబ్బీ తీశాడు.

ఆ తర్వాత ఈ సంగతి ఆయన నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. ఇళ్లు చూపించే వేళ మాత్రం మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి మారింది. అరుగుల మీద జనం కూర్చునే వేళకు.

పిల్లలూ, నేను నేర్చుకున్నది ఇంతే. కొనేవాళ్లను పక్కింటికి పోయి మంచినీళ్లు అడగనివ్వండి. ఆ పక్కింటివాళ్లు లోపాలు చెబితే అడ్డం పడకండి. ఏమీ చెప్పకపోతే మాత్రం ఎందుకో మీరే పోయి కనుక్కోండి.

నందిగామ మేడ మీద

వైశాఖంలోపే ఇల్లు పద్మ వాళ్లకు రాసిచ్చి, రాజేశ్వరి వాళ్లు నందిగామ మారారు. సామాను లారీ ఎక్కేరోజు వెంకాయమ్మ పిల్లకు జడ వేసింది. బస్సెక్కేదాకా తోడు వచ్చి, "ఆదివారం తీసుకురా" అని ఒక్క మాట అని వెనక్కి తిరిగింది.

కొన్నాళ్లకు నేను చూడటానికి పోయాను. సాయంత్రం వేళ. కొట్టులో రాజేశ్వరి ఒకావిడకు చీర అంచు పక్కన లైనింగు గుడ్డలు పెట్టి చూపిస్తోంది. బల్ల కింద గుడ్డ ముక్కల మీద సహస్ర బోర్లా పడుకుని లెక్కలు చేసుకుంటోంది. మధ్యమధ్యలో, "అమ్మా, ఇది చూడు" అంటే, రాజేశ్వరి చేతిలో గుడ్డ వదలకుండానే వంగి చూస్తోంది. రాత్రికి పైనే అన్నం తిన్నాం. పిల్ల పూర్తి మెలకువగా ఉంది, పప్పు వద్దని పేచీ పెట్టింది. తల్లి కసురుకుంటూనే కలిపి పెట్టింది. ఆ కసురులో ఉన్న సంతోషం నేను చెప్పలేను.

నేను బయల్దేరుతుంటే రాజేశ్వరి మెట్ల దాకా వచ్చి అడిగింది. "పిన్నీ, ఇంతకీ పొయ్యి ఎటు తిప్పారు?"

"ఇంకా తేలలేదమ్మా" అన్నాను. "వినాయకచవితి దాకా సాగేట్టుంది."

నా మాట ఇంతసేపు విన్నారు కదా. మీరు ఏ ఊళ్లో ఉన్నా, మీ ఇంటి పొయ్యి మీద అన్నం మీకు సరిపోయి ఇంకొకరికి కూడా మిగలాలి. మీ పిల్లలు మెలకువగా ఉండగానే మీరు ఇల్లు చేరాలి. మీ గోడ అవతల, మీ మంచీ చెడూ రెండూ తెలిసి, రెండూ చెప్పగల మనిషి ఒకరు పది కాలాలు చల్లగా ఉండాలి.